వేగిన మినుముల వాసన

ఆ కబురు మాకు మొదట తెచ్చింది పాలు పోసే ఆవిడ. రోజూ సాయంత్రం క్యాను పట్టుకుని తీరుబడిగా వచ్చే మనిషి, ఆ రోజు ఉత్త చేతులతో, కాళ్లకి చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి మా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, వ్యాను తగలబడిపోతోందండీ! దూడ కోసమని పెద్దావిడ లోపలికెళ్లిపోయిందండీ!"

నేను అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి లేచాను. ఏ వ్యాను, ఏ పెద్దావిడ అని అడగక్కర్లేకపోయింది. మా వీధిలో వ్యాను ఒక్కటే ఉంది. మాకు రెండిళ్ల అవతల, ఒకావిడా, ఆవిడ కొడుకూ, కోడలూ ఉంటారు. కొడుకు ఆ వ్యాను కిరాయికి తిప్పుతాడు. ఆ సాయంత్రమే మావారిని బందరు కంటి ఆసుపత్రిలో చూపించుకుని మేము తిరిగొచ్చింది ఆ వ్యానులోనే. ఆవిడా నేనూ ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. చుట్టరికమేమీ లేదు, ఒకే వీధిలో ఏళ్ల తరబడి బతికిన చనువు తప్ప.

మా ఊరు దివిసీమలో, మోపిదేవి వెళ్లే దారి మీద ఉంది. మాఘమాసం వెళ్లేసరికి మా రోడ్డు రోడ్డులా ఉండదు. వరి కోసిన చేలల్లో పెరిగిన మినుము అప్పటికి ఎండి చేతికొస్తుంది. పీకిన మొక్కల్ని తీగలతో సహా తెచ్చి తారు మీద బారుగా పరుస్తారు. బస్సులు, లారీలు, స్వామి దర్శనానికి వెళ్లే కార్లు వాటి మీదుగా పోతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది. మనుషులతో పని లేదు, మిషనుతో పని లేదు. దారినపోయేవాళ్లు విసుక్కుంటారు. చక్రాలు జారతాయనీ, దుమ్మనీ తిట్టుకుంటూ పోతారు. మా వాళ్లెవరూ దాన్ని తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు. పంట ఇంటికొచ్చే వేళ రోడ్డు కూడా మన కళ్లంలో భాగమే అనిపించేది.

ఆ శుక్రవారం మేము వచ్చేసరికి ఆవిడ తన కాస్త పంటనీ ఇంటి ముందు రోడ్డు మీద పరుచుకుని, చీపురుతో అంచులు సర్దుతోంది. కంట్లో మందు వేసినందువల్ల మావారు వెలుతురు చూడలేకపోతున్నారు. చెయ్యి పట్టుకుని దింపాను.

"ఏమన్నారు వదినా, అన్నయ్యగారి కన్ను?"

"శుక్లం ముదిరిందట. ఆపరేషన్ చెయ్యాలన్నారు."

"చేయించెయ్యి. కళ్లు కనపడక ఇన్నాళ్లూ నీ వంట తినేశారు పాపం. ఇకమీదట ఏం చేస్తారో!"

మావారు నవ్వారు. ఆవిడ అప్పటికే కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆపకు. ఎలాగూ బండి మీదే ఉన్నావుగా. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పు. ఇవాళ బస్సులన్నీ పక్కనుంచి పోతున్నాయి, ఒక్కడూ తొక్కట్లేదు."

"పొద్దున్నుంచీ తిరిగొచ్చానమ్మా. అన్నం తినొద్దా?"

"తిందువుగానిలే. మబ్బు పట్టేట్టుంది. నీ పెళ్లానికి సున్నుండలంటే ప్రాణమా, చెయ్యడమేమో రాదా. కొత్త మినుములు దిగితే ఆ గొడవేదో నేనే పడాలి."

కోడలు గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "మీరు నేర్పకపోతే నాకెలా వస్తాయి అత్తయ్యా?"

"నేర్పేస్తే ఇంక నాతో నీకు పనేముంటుందే!"

అతను నవ్వి వ్యాను వెనక్కీ ముందుకీ నడిపాడు. తీగలు చక్రాల కింద పటపటలాడాయి. మా మీద దుమ్ము లేస్తే ఆవిడ కొంగుతో విసిరింది. మేము ఇంటికి వస్తుంటే అతను వ్యాను తీసుకెళ్లి ఇంటి పక్కనున్న తాటాకుల పాకలో పెట్టి, తాళం తీసి, నూతి దగ్గరికి స్నానానికి వెళ్లడం చూశాను. ఆ పాకలోనే ఓ మూల దూడని కడతారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, తల దువ్వుకుని, దీపం పెట్టబోతుంటే వాసన వచ్చింది. మినుములు వేయిస్తున్న వాసన. అడుగు మందంగా ఉన్న మూకుట్లో, సన్నని సెగ మీద, గింజ ఎర్రబడుతుంటే వచ్చే కమ్మని వాసన. వదిన అప్పుడే మొదలెట్టేసిందే, ఇంట్లో నిరుటివి మిగిలాయి కాబోలు అనుకున్నాను. నవ్వొచ్చింది కూడా. దణ్ణం పెట్టుకుని లేచేసరికి పాలావిడ గుమ్మంలో ఉంది.

నేను వెళ్లేటప్పటికి పాక పైకప్పంతా అంటుకుంది. మగవాళ్లు మోటారు పైపు లాగుతున్నారు. దూడ తాడు తెంపుకుని, వీపు మీద రోమాలు కాలిపోయి, మా అందరి మధ్యలోంచి రోడ్డు మీదికి పరిగెత్తింది. తాడు తెగలేదనీ, లోపల ఆవిడే ముడి విప్పిందనీ తర్వాత తెలిసింది. దూడ బయటికొచ్చాక కప్పు కూలింది. ఆ తర్వాతే ఆవిణ్ణి లాగారు.

కోడలు రోడ్డు మధ్యలో, ఆ మినప మొక్కల మీదే నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఇప్పుడేనండీ హారతిచ్చాను. ఇప్పుడే ఇచ్చానండీ. ఇప్పుడే..." అని అదే మాట. ప్రతి శుక్రవారం వ్యాను ఇంటికి రాగానే ముందు చక్రం దగ్గర తమలపాకు పెట్టి, దాని మీద కర్పూరం వెలిగించడం ఆ పిల్ల అలవాటు. నందివాడలో వాళ్ల పుట్టింట్లో ట్రాక్టరుకి అలాగే ఇచ్చేవారట. గుండె చెదిరిన మనిషి నోటికి ఆ క్షణాన ఏ మాట దొరికితే ఆ మాట వస్తుంది. ఆ మాటే ఆ పిల్ల మెడకి చుట్టుకుంది.

అంబులెన్సులో బందరు దాకా ఆవిడ పక్కన నేనే కూర్చున్నాను. ఆవిడ కళ్లు తెరవలేదు. చల్లపల్లి దాటాక ఒక్కసారి పెదవులు కదిలాయి.

"దూడ వచ్చిందా వదినా?"

"వచ్చింది. బాగుంది."

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పోయింది. దూడ బతికిందన్న మాట విని పోయింది. అంతమాత్రమైనా ఆవిడ చెవిన పడనిచ్చినందుకు భగవంతుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మంటలార్పిన ఫైరింజను వాళ్లలో పెద్దాయన వచ్చి చూశాడు. మిగిలింది ఇనప అస్థిపంజరం. ఆపి ఉంచిన బండికి నిప్పెలా పుడుతుందని మావారడిగితే, తాళం తీసినంత మాత్రాన బండి చచ్చిపోదండీ అన్నాడు. బ్యాటరీలో కరెంటు ఉంటుంది. కోతలయ్యాక చేలల్లో ఎలుకలన్నీ ఇళ్లమీద పడి వైర్ల తొడుగులు కొరికేస్తాయి. హారన్లకీ, రంగు లైట్లకీ మధ్యలో వైరు కత్తిరించి టేపు చుట్టేస్తారు. సముద్రపు గాలికి ఆ అతుకులు తుప్పుపడతాయి. ఎక్కడో నూనె కారుతుంటుంది. వేడి గొట్టం కింద ఎండుగడ్డి ఉంటుంది. "ఇంతగా కాలిపోయాక ఫలానా అని చెప్పలేమండీ, వైరు కలిసి ఉండొచ్చు" అని వెళ్లిపోయాడు.

'ఉండొచ్చు' అనే మాటతో మా ఊరికి సరిపోలేదు. మొవ్వ నుంచి వదిన అక్కగారు వచ్చారు. ఏడ్చారు, అందరికంటే గట్టిగా ఏడ్చారు. ఏడుపు ఆగాక, "దేవుడికివ్వాల్సిన హారతి ఇనుముకిస్తే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఆ మాట వీధంతా తిరిగింది. పాలావిడ కూడా మా గుమ్మంలో గొంతు తగ్గించి, "కర్పూరమేనంటండీ, ఆ పిల్లే ఒప్పుకుందిగా" అంది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆ పిల్ల తల్లితో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు మొగుడు గుమ్మం దాకా కూడా రాలేదు. గుండుతో, పాక కాలిన చోట, కూలిన రాటని చూస్తూ కూర్చున్నాడు.

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. చిన్నతనంలో కాలికి జబ్బు చేసి మంచం మీదే ఉండిపోతే మా నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే నా పక్కన కూర్చుని చదువు చెప్పేవారు. ఏ సంగతి చెప్పినా ఆపేవారు. "ముందు చూసింది చెప్పమ్మా. అనుకున్నది తర్వాత చెబుదువుగాని." ఆ ఒక్క అలవాటు నాలో మిగిల్చినందుకు ఆయన్ని తలుచుకోని రోజు లేదు. ఆ పిల్ల విషయంలో అందరూ చెబుతున్నది అనుకున్నదే. చూసినవాళ్లెవరూ నోరు విప్పలేదు. నా దగ్గర మాత్రం ఏముంది? ఆ పిల్ల అలాంటిది కాదన్న నమ్మకం ఒక్కటే. అదీ అనుకున్నదే.

తర్వాతి వారం గుడివాడ నుంచి మా తమ్ముడు కారులో వచ్చాడు. మావారిని ఆపరేషన్‌కి గుడివాడ తీసుకెళ్లాలని. కారు పెరట్లో, మామిడిచెట్టు నీడలో పెట్టి, లోపలికొచ్చి మజ్జిగ తాగుతున్నాడు. నేను వంటింట్లో చారు పోపు పెడుతున్నాను. వాసన వచ్చింది.

చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద మినుములు లేవు. ఎవరింట్లోనూ ఉండి ఉండవు, మైల వీధి అది, ఆ నెల పిండివంటలెవరు చేస్తారు? పరిగెత్తి పెరట్లోకి వచ్చాను. కారు కింద నుంచి సన్నగా, అగరువత్తి పొగలాగా, పొగ వస్తోంది.

"ఒరేయ్, కారు!"

"ఆపేసి ఎంతసేపైందక్కా! తాళం నా జేబులో ఉంది" అంటూనే తమ్ముడు వచ్చి వంగి చూశాడు. కొబ్బరిమట్టలు లాగే దోటీ తెచ్చి, దాని కొక్కెంతో కింద నుంచి లాగాడు. గిజిగాడి గూడంత ఉండ ఊడి పడింది. ఎండిన మినప తీగలు చుట్టలు చుట్టుకుని, ఒక పక్క నల్లగా మాడి, నడుమ ఎర్రగా రాజుకుంటూ. అందులో గింజలు చిటపటమన్నాయి. బిందెతో నీళ్లు గుమ్మరించాను.

"మొవ్వ దాటాక రోడ్డంతా ఇదే. తప్పించుకోడానికి చోటిస్తేగా!" అన్నాడు తమ్ముడు. పొగ గొట్టానికి కాస్త దూరంగా అరచెయ్యి పెట్టి చూసి వెనక్కి తీసుకున్నాడు. నడిచినంతసేపూ గాలి తగిలి ఆ వేడి లాక్కుపోతుందనీ, ఆపాక ఆ గాలి ఉండదనీ, వేడంతా అక్కడే నిలిచిపోయి చుట్టుకున్న తీగ నెమ్మదిగా మాడుతుందనీ చెప్పాడు. మావారు ఒక్కటే మాటన్నారు. "ఆ రోజు మనం చూస్తూనే ఉన్నాం."

ఔను, ఇద్దరం దుమ్ములో నిలబడి, నవ్వుతూ చూశాం.

ఉండ చల్లారాక స్టీలు డబ్బాలో పెట్టుకుని, ముగ్గురం ఆ ఇంటికి వెళ్లాం. అక్కగారు ఇంకా అక్కడే ఉన్నారు. జరిగింది చెప్పి, డబ్బా మూత తీశాను. ఆవిడ లోపలికి తొంగి కూడా చూడలేదు.

"మినుములు కూడా అంటుకుంటాయా తల్లీ? రేపు చెరువులో నీళ్లంటుకున్నాయంటావు. ఆ పిల్లని వెనకేసుకు రావాలంటే వేరే మాటేదైనా వెతుక్కో."

వదిన కొడుకు డబ్బా అందుకున్నాడు. ఆ ఉండని చేత్తో తిప్పి చూశాడు. తర్వాత నేలవైపు చూస్తూ అన్నాడు.

"మంట బండి మధ్యలోంచి లేచింది అత్తయ్యగారూ. నేను నూతి దగ్గర నుంచి రాగానే చూశాను. ముందు చక్రం దగ్గర తమలపాకు అప్పటికింకా పచ్చగానే ఉంది. కర్పూరం ఎప్పుడో అయిపోయింది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నాయనా?" అన్నాను.

"చెబితే తర్వాత ఏమడుగుతారండీ? తీగల మీద బండి ఎవరు తిప్పమన్నారని అడుగుతారు. మా అమ్మ తిప్పమంది. పోయిన మనిషి మీద వెయ్యమంటారా?"

"బతికున్న మనిషి మీద వేశావుగా" అన్నారు మావారు. గొంతు పెంచలేదు.

అక్కగారు లేచారు. "అంటే మా చెల్లెలే తన కొంప కాల్చుకుందంటారా? మా ఇంటికొచ్చి, మా ముందు!"

"ఎవరూ కాల్చలేదండీ" అన్నాను. "ఈ దారి పొడుగునా అందరం చేస్తున్న పనే ఆవిడా చేసింది. ఈ ఉండ ఈ ఊరిది కాదు. మీ మొవ్వ రోడ్డు మీద చుట్టుకున్నది."

ఆవిడ మళ్లీ కూర్చున్నారు. నమ్మారో లేదో నాకు తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని వేరే రకంగా ఏడ్చారు, చప్పుడు లేకుండా.

గుడివాడలో మావారి ఆపరేషన్ దేవుడి దయవల్ల సజావుగా అయింది. ఆయన్ని మా తమ్ముడి భార్యకి అప్పజెప్పి, ఆటో మాట్లాడుకుని నందివాడ వెళ్లాను. ఊరి చివర ఇల్లు. ఆ పిల్ల తల్లి ఎదురొచ్చి, లోపలికి తీసుకెళ్లేముందు వసారాలోనే ఆపింది.

"అగ్గిపుల్ల ముట్టట్లేదండీ. స్టవ్వు నేనే వెలిగించాలి. దేవుడి గూటి వైపు చూడను కూడా చూడదు. నేను దీపం పెడితే పక్క గదిలోకి వెళ్లిపోతుంది. నేను ఏ పాపం చేశానో తల్లీ..."

ఆ పిల్ల చిక్కిపోయింది. నన్ను చూసి లేచి, కాళ్లకి దణ్ణం పెట్టబోయి, మధ్యలో ఆగిపోయింది, తాకడానికి తగనన్నట్టు. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. డబ్బా తెరిచి ఒళ్లో పెట్టాను. ఏమీ చెప్పకముందే దాని వాసన చూసింది.

"ఈ వాసన నాకూ వచ్చిందండీ ఆ రోజు. అత్తయ్య వేయిస్తున్నారేమో అని వంటింట్లోకెళ్లి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఇంతలోకే..."

అప్పుడు మిగతాది చెప్పాను. తమ్ముడి కారు, పొగ, దోటీతో లాగింది.

"కర్పూరం ఆరిపోయేదాకా నేను అక్కడే నుంచున్నానండీ. నుంచున్నాననే గుర్తు. కానీ అందరూ అన్నాక, నుంచున్నానో లేదో, ఆ గుర్తు కూడా పోయింది పిన్నిగారూ."

"నుంచున్నావమ్మా. కర్పూరం అప్పటికే అయిపోయింది. ఆకు కమలను కూడా కమల్లేదు, పచ్చగా ఉందట. మీ ఆయన చూశాడు."

ఊరట ఇద్దామని వెళ్లినదాన్ని. ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పేదాకా నాకు తోచలేదు. ఆ పిల్ల తలెత్తింది.

"ఆయన చూశారా? ఆ రోజేనా?"

నా ముఖం చూసే తెలుసుకుంది. డబ్బా మూత పెట్టి నా చేతిలో పెట్టింది.

"మీరు ఇంత దూరం వచ్చి చెప్పారు, మీ మేలు మర్చిపోనండీ. కానీ ఈ మాట ఆయన్నే వచ్చి చెప్పమనండి. మా నాన్న ముందు, మా అమ్మ ముందు."

అతను వెంటనే వెళ్లలేదు. ఉగాది వెళ్లాక వెళ్లాడు. వాకిట్లో నిలబడి, ఎవరూ కుర్చీ వెయ్యకపోయినా నిలబడే, ఆకు సంగతి చెప్పాడట. తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ పిల్ల అతనితో తిరిగొచ్చింది. గుమ్మంలోంచి తల బయటపెట్టి మాటకి మాట అనే మనిషి మాత్రం రాలేదు. స్టవ్వు వెలిగిస్తుంది. దీపం పెడుతుంది. అతను ఇప్పుడు వేరేవాళ్ల బండి నడుపుతున్నాడు. శుక్రవారం నాడు దాని దగ్గరికి ఆ పిల్ల వెళ్లదు, వెళ్లమని ఎవరూ అనరు. మా వీధిలో ఇంకా కొందరు కర్పూరమనే అంటారు. వాళ్లకి ఆ కథే చెప్పుకోడానికి తేలిగ్గా ఉంది.

మొన్న నా దగ్గరికొచ్చి, "సున్నుండలు నేర్పుతారా పిన్నిగారూ?" అంది. మూకుడు పెట్టి మినుములు పోశాం. తనే గరిట పట్టుకుంది. గింజ ఎర్రబడి వాసన మొదలయ్యేసరికి స్టవ్వు కట్టేసి, పెరట్లోకి వెళ్లి, దూడ పక్కన కూర్చుంది. ఆ దూడని వాళ్లు మా దగ్గరే ఉంచారు. ఎదిగింది. వీపు మీద ఆ మేర రోమాలు మళ్లీ మొలవలేదు. నేను పిలవలేదు. మిగతావి నేనే వేయించాను.

మళ్లీ మినుము రోడ్డెక్కింది. ఈ ఏడూ పరిచారు, పోయినేడాదిలాగే. మీరు ఈ దారిన స్వామి దర్శనానికి వస్తే, బండి ఆపేటప్పుడు పాకలకి, గడ్డివాములకి దూరంగా, ఆరుబయట ఆపండి. దిగాక ఒక్కసారి వంగి కింద చూడండి. వంగినప్పుడు మా వదినని తలుచుకోండి. బండి తిప్పమన్న మనిషిగా కాదు, మంటలోకి వెళ్లి దూడ ముడి విప్పిన మనిషిగా తలుచుకోండి.